నూటికి నూటనాలుగు

మా యూనివర్సిటీ కింద అరవై మూడు కాలేజీలున్నాయి. వాటిల్లో ఎవరు ఎవరి థీసిస్‌లోంచి ఎంత ఎత్తి రాస్తున్నారో పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి జూన్‌లోగా కొనాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కొనకపోతే ఏమవుతుందో అందులో రాయలేదు. ఏమవుతుందో రాయని ఉత్తర్వులంటేనే మా రిజిస్ట్రారు వైకుంఠరావుగారికి ఎక్కువ భయం.

నేను పరిశోధన విభాగంలో సూపరింటెండెంటుని. పేరు గౌరీపతి. థీసిస్‌లు పుచ్చుకోవడం, రసీదు ఇవ్వడం, బీరువాలో పెట్టడం నా ఉద్యోగం. చదవడం నా ఉద్యోగం కాదు. అది ఎవరి ఉద్యోగమో ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో నాకు తెలియలేదు.

వెంటనే 'నకలు నివారణ యంత్ర ఎంపిక సంఘం' ఏర్పడింది. అధ్యక్షులు వైకుంఠరావుగారు. సభ్యులు ఇద్దరు. ఒకరు ఫైనాన్స్ ఆఫీసరు చిదంబరంగారు. రెండోవారు కంప్యూటర్లు తెలిసిన ప్రొఫెసరు. ఆయన ఆరు నెలల సెలవులో ఉండడం వల్ల సంఘం పనులు ఏ ఆటంకమూ లేకుండా సాగాయి.

మూడు కంపెనీలు టెండరు వేశాయి. టెండరు రహస్యం కనక వాటిని మొదటిది, రెండోది, మూడోది అనే అంటాను. ముగ్గురి ధరా ఒక్కటే. ప్రభుత్వమే ధర ఖాయం చేసి పంపింది. మా చిదంబరంగారికి ఇది పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. ముప్ఫై ఏళ్లుగా ఆయన ఎవరు తక్కువ చెబితే వాళ్లకి ఇస్తూ వచ్చిన మనిషి. అందరూ ఒకటే చెబితే ఎవరికివ్వాలి?

"పనితనం చూసి ఇద్దాం" అన్నారు వైకుంఠరావుగారు. "ఒక నమూనా థీసిస్ ముగ్గురికీ సమర్పించి, ఎవరి యంత్రం ఎంత నకలు పట్టుకొన్నదో తులనాత్మక పట్టిక తయారు చేయించవలెను."

ఆ 'చేయించవలెను' నా నెత్తిన పడింది. మార్చి పద్నాలుగు ఉదయం పది గంటలకి మొదటి కంపెనీవాళ్లు వచ్చి కూర్చున్నారు. నమూనా పట్రమ్మని కబురు. పాత థీసిస్‌లున్న బీరువా తాళంచెవి అటెండరు దగ్గర, అటెండరు అన్నవరంలో. నా బల్లమీద మాత్రం ఒక్క థీసిస్ ఉంది. ముందురోజే నీలవేణి అనే అమ్మాయి తెచ్చి, ఇంకా సమర్పించడానికి కాదు, ఫార్మాటు ఒకసారి చూసిపెట్టమని పెన్‌డ్రైవుతో సహా ఇచ్చి వెళ్లింది. ఎవరి పేరూ కనిపించకూడదని టెండరు నిబంధన ఒకటుంది కదా, నిబంధన ప్రకారం పైపేజీ తీసేసి, ఫైల్లో కూడా పేరు చెరిపేసి ఇచ్చాను. ఇంత శ్రద్ధగా నేను చేసిన పని మరొకటి లేదు.

ఆ థీసిస్ గురించి ఒక ముక్క చెప్పాలి. నీలవేణిది సముద్రం పక్కన ఉప్పుమళ్లున్న ఊరు. నాలుగేళ్లు ఆ మళ్ల గట్లమీద తిరిగి, అక్కడ పనిచేసేవాళ్లు గాలికీ నీటికీ ఉప్పుకీ వాడే మాటలు నాలుగువందల పన్నెండు పోగుచేసింది. నీటిమీద తొలిగా కట్టే పలచని పొరకి ఒక మాట, గాలి తిరిగి ఆ పొర చిట్లితే దానికి ఇంకో మాట. ఏ నిఘంటువులోనూ లేవు. నేను చదవకూడదు గానీ, ఆ ముందురోజు సాయంత్రం మార్జిన్లు చూస్తూ చూస్తూ అరవై పేజీలు చదివేశాను.

మొదటి కంపెనీ యంత్రం నాలుగు శాతం నకలు చూపించింది. ఆ నాలుగూ కూడా మేమే అచ్చువేసి ఇచ్చే ధ్రువీకరణ పత్రాల తాలూకువి. వెళ్తూ వెళ్తూ ఆ కంపెనీ అబ్బాయి, "ఈ ఫైలు దేశంలో కంపెనీలన్నీ వాడుకునే ఉమ్మడి భాండాగారంలో ఎక్కిస్తున్నాం సార్. ఇంకెవరూ దీన్ని కాపీ కొట్టకుండా. ఇది ఫ్రీ" అన్నాడు. మంచి కుర్రాడనుకున్నాను.

మధ్యాహ్నం రెండో కంపెనీ వచ్చేసరికి భాండాగారంలో సగం పేజీలు ఎక్కాయి. వాళ్ల యంత్రం యాభై రెండు శాతం చూపించింది. భోజనాలయ్యాక మూడో కంపెనీ వచ్చింది. అప్పటికి మొత్తం ఎక్కేసింది. తొంభై ఏడు. ఇదంతా నాకు తరవాత తెలిసింది. ఆ వేళ మాత్రం తొంభై ఏడు అనగానే వైకుంఠరావుగారితోపాటు నేనూ నోరెళ్లబెట్టాను.

"చూశారా, ఒకే థీసిస్" అన్నారు వైకుంఠరావుగారు. "ఒకడికి నాలుగే కనపడ్డాయి. ఇంకొకడికి తొంభై ఏడు. చూపులో ఎంత వ్యత్యాసం."

మూడో కంపెనీకే ఇచ్చేద్దామన్నారు. చిదంబరంగారు ఒప్పుకోలేదు. టెండరు అన్నాక చివర వేలం ఉండాలి, ముగ్గురికీ సమానావకాశం ఇవ్వాలి, లేకపోతే రేపు ఆడిట్‌వాళ్లు పట్టుకుంటారు అన్నారు. మామూలు వేలంలో ధర తగ్గిస్తూ పోతారు. ఇక్కడ ధర కదలదు కనక శాతం పెంచుతూ పోవాలని తీర్మానమైంది.

మర్నాడు సెనేటు హాల్లో వేలం జరిగింది. నీలవేణి థీసిస్ మధ్యలో బల్లమీద ఉంది. నేను పక్కన నిలబడి అంకెలు రాసుకుంటున్నాను.

"తొంభై ఎనిమిది" అన్నాడు మొదటి కంపెనీ అబ్బాయి. నిన్న నాలుగన్నవాడే.

"నిన్న నాలుగన్నారు గదండీ?" అన్నాను ఉండబట్టలేక.

"రాత్రి అప్‌డేట్ చేశాం సార్" అన్నాడు.

మూడో కంపెనీ తొంభై తొమ్మిది అంది. మొదటి కంపెనీ నూరు అంది. ఇక అయిపోయిందని నేను కలం మూత పెట్టాను. అంతదాకా ఊరుకున్న రెండో కంపెనీ పెద్దమనిషి గొంతు సవరించుకొని, "నూటనాలుగు" అన్నాడు.

నేను కలం మూత మళ్లీ తీశాను.

"నూటికి నూటనాలుగు ఎలా వస్తుందండీ?" అని అడిగారు వైకుంఠరావుగారు.

"ఈ రాసినదాంట్లో నూరు సార్. ఈ వ్యక్తి ఇకముందు రాయబోయేదాంట్లో నాలుగు. మా యంత్రానికి అంచనా వేసే శక్తి కూడా ఉంది."

వైకుంఠరావుగారు చిదంబరంగారి వైపు చూశారు. చిదంబరంగారు చాలాసేపు పెన్నుతో కాగితంమీద ఏదో కూడారు. "అదే ధరకి నాలుగు శాతం అదనంగా ఇస్తున్నాడు" అన్నారు చివరికి. "తక్కువ ఇస్తే ఆడిట్‌వాళ్లు అడుగుతారు. ఎక్కువ ఇస్తే ఎప్పుడూ అడగలేదు."

రెండో కంపెనీకి ఖాయమైంది. ఒప్పందం అరవై మూడు కాలేజీల తరఫున కుదిరింది. దాని అనుబంధంలో ఇలా రాశారు: 'ప్రమాణ నమూనా: పరిశోధన విభాగము సమకూర్చిన అనామక సిద్ధాంత గ్రంథము. నకలు: 104 శాతము.' ప్రారంభోత్సవం నాడు జీడిపప్పు ఉప్మా పెట్టారు. నేను రెండుసార్లు వేయించుకున్నాను.

జూన్ మూడున నీలవేణి థీసిస్ సమర్పించడానికి వచ్చింది. మనిషి సంతోషంగా ఉంది. ఒక ప్రభుత్వ కాలేజీలో లెక్చరరు పోస్టుకి మొదటి పేరు ఆమెదే వచ్చింది. థీసిస్ స్వీకరించామని యూనివర్సిటీ ఒక కాగితం ఇస్తే, అది జూన్ ముప్ఫై సాయంత్రంలోగా అక్కడ చూపిస్తే చాలు, ఉద్యోగం. లేకపోతే రెండో పేరువాళ్లకి పోతుంది.

"ఈ కాగితమొక్కటి ఇప్పించండి సార్. మా యమ్మని మళ్లలో పని మానిపించేస్తాను" అంది.

కొత్త నిబంధన ప్రకారం థీసిస్‌ని యంత్రంలో పెట్టాను. నూటనాలుగు వచ్చింది. మార్చిలో నమూనాగా ఇచ్చింది దీన్నేనని అప్పుడు తట్టింది నాకు. పది దాటితే తీసుకోకూడదు. నూరు దాటితే విచారణ పెట్టాలి.

నాలుగోరోజు అదే సంఘం విచారణకి కూర్చుంది. నీలవేణి భయపడకుండా మాట్లాడింది. యంత్రం ఇచ్చిన నివేదికలోనే తన సమాధానం ఉందని చూపించింది. "నేను దేంట్లోంచి కాపీ కొట్టానో ఇక్కడే ఉంది చూడండి సార్. 'మూలం: ఇదే యూనివర్సిటీ ఇచ్చిన ఫైలు, మార్చి పద్నాలుగు.' అది నేను ఆఫీసులో ఇచ్చిన నా థీసిసే. నా దాంతోనే నా దాన్ని పోల్చారు."

చిదంబరంగారు కళ్లజోడు సరిచేసుకున్నారు. "మార్చిలో వచ్చినది మూలం. మీరు తెచ్చినది జూన్‌లో. ముందున్నది అసలు, వెనకొచ్చినది నకలు. ఇందులో వివాదమేముందమ్మా?"

"రెండూ నేనే రాశాను సార్."

"మార్చి ప్రతిమీద పేరు లేదు. అది అనామకము. ఒప్పందంలో స్పష్టముగా ఉన్నది" అన్నారు వైకుంఠరావుగారు. "పోనీ, మీరు నకలు చేయలేదన్నారు. మరి ఈ నాలుగువందల పన్నెండు మాటలూ మీరు కల్పించినవా?"

"కల్పించలేదు సార్. మళ్లలో పనిచేసేవాళ్ల దగ్గర విని రాశాను. సగం మా అమ్మ చెప్పినవే."

సంఘం ముఖం వికసించింది. "అనగా అంగీకరించినారు" అన్నారు వైకుంఠరావుగారు. "సగం తల్లిగారి వద్దనుంచి."

"సగమంటే యాభై రెండు" అని రాసుకున్నారు చిదంబరంగారు. నూటనాలుగులో సగం అది.

తల్లికి నోటీసు వెళ్లింది, మూలకర్త హోదాలో. అసిరమ్మ రెండు బస్సులు మారి వచ్చింది. ఏభై అయిదేళ్ల మనిషి, ఉప్పునీళ్లకి పాదాలు పగిలిపోయి ఉన్నాయి. కుర్చీ చూపిస్తే అంచుమీద కూర్చుంది.

"ఈ మాటలు మీవేనా?" అని అడిగారు వైకుంఠరావుగారు.

"మావే బాబూ. మా ఊళ్లో అందరమూ ఆడేవే."

"మీరు వీటిని ఎక్కడనుంచి గ్రహించినారు?"

ఆవిడకి అర్థం కాలేదు. ఎవరు నేర్పారని అడుగుతున్నారని నేను చెప్పాను.

"మా యత్త ఆడతంటే ఇన్నాను. మా యత్త ఆల్లత్త దగ్గిర ఇనుంటాది."

"మీ అత్తగారి అనుమతి పత్రం ఉన్నదా?"

"సచ్చిపోయింది గదా బాబూ, తుపానొచ్చిన ఏడు."

"మరణించిన మూలకర్తల విషయమై పైకి రాయవలెను" అని వైకుంఠరావుగారు నా వైపు తిరిగారు. మళ్లీ ఆవిడతో, "మరి ఆ అత్తగారి అత్తగారు ఎవరినుంచి తీసుకున్నదో తమకు తెలియదా?" అన్నారు.

"గాలికి పేరెట్టినోలు ఎవులో నాకేటి తెలుస్తాది బాబూ? ఆలు పెట్టీసి ఎలిపోనారు. మేము పని సేసుకుంతన్నాము." ఆవిడ కూతురి వైపు చూసింది. "నా పిల్ల తప్పేటి సేసిందని ఇందరు కూకున్నారు?"

ఆ మాటకి సంఘం దగ్గర ఫారం లేదు. విచారణ వాయిదా పడింది. నీలవేణి గైడుగారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన తన ప్రమోషను ఫైలు సంఘం దగ్గర ఉందని చేతులెత్తేశారు.

ఆ సాయంత్రం నేను వైకుంఠరావుగారి గదిలోకి వెళ్లి నిజం చెప్పేశాను. మార్చిలో నమూనాగా ఇచ్చింది ఈ పిల్ల థీసిసే, పైపేజీ నా చేత్తో నేనే తీశాను అన్నాను. ఆయన కోప్పడలేదు. నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు.

"గౌరీపతిగారూ, మీరన్నట్టు ఆమెది అసలే అనుకుందాం. అప్పుడు యంత్రం అబద్ధమవుతుంది. యంత్రం అబద్ధమైతే ఒప్పందం అబద్ధమవుతుంది. ఒప్పందం అబద్ధమైతే అరవై మూడు కాలేజీలకూ మనం అబద్ధం చెప్పినట్టు. ఇంత పెద్ద అబద్ధం విశ్వవిద్యాలయం ఆడదు. కాబట్టి ఆమెది అసలు కాదు." మళ్లీ ఆయనే, "అయినా మీకు అభ్యంతరముంటే లిఖితపూర్వకముగా సమర్పించుకోవచ్చును" అన్నారు.

ఇంటికెళ్లి కూర్చుని రాశాను. 'గౌరవనీయులైన రిజిస్ట్రారుగారి దివ్యసముఖమునకు, తమ విధేయుడు మిక్కిలి వినమ్రతతో విన్నవించుకొనునది ఏమనగా' అని మొదలుపెట్టి, 'దయతో పరిశీలించి తగు చర్య గైకొనవలసినదిగా ప్రార్థన' అని ముగించాను. నాకు వచ్చిన మంచి భాషంతా అందులో పెట్టాను. ఇరవయ్యో తారీకున ఇచ్చాను.

అప్పటికి యంత్రం ఖాళీగా ఉండకూడదని ఆఫీసుకొచ్చే ప్రతి కాగితాన్నీ దాంట్లో పెట్టమని ఉత్తర్వు అయింది. నా ఒప్పుకోలులో తొంభై ఒక్క శాతం నకలు తేలింది. సెలవు చీటీలు, బదిలీ అర్జీలు, పెళ్లికి అప్పు కోరిన దరఖాస్తులు, ఎక్కడెక్కడివో నూట నలభై కాగితాల్లో అవే వాక్యాలున్నాయి. 'ఒప్పుకోలు స్వంతముగా రాసినది కానందున తిరస్కరించడమైనది' అని నాకు మెమో వచ్చింది. మెమోని మాత్రం యంత్రం చూడలేదు. పైనుంచి కిందికి వచ్చే కాగితాలకి అది వర్తించదు.

నాకు రోషం వచ్చింది. ఆఫీసు భాష పక్కన పడేసి, నా భార్యతో చెప్పినట్టు రెండే వాక్యాలు రాశాను. 'ఆ థీసిస్ నీలవేణిది, దాన్ని నమూనాగా ఇచ్చింది నేను. ఆ పిల్ల ఎవరి దగ్గరా కాపీ కొట్టలేదు.' యంత్రంలో పెడితే సున్నా వచ్చింది. అంత మంచి ఫలితం ఆ యంత్రంలో అదే మొదటిసారి. ఇరవై ఎనిమిదో తారీకు పొద్దున్న ఆ నివేదిక జతచేసి పరుగున తీసుకెళ్లాను.

వైకుంఠరావుగారు సున్నాని చాలాసేపు చూశారు. "ఈ మాట ఇంతవరకు ఎవరూ, ఎక్కడా అనలేదని యంత్రమే ధ్రువపరుస్తున్నది. లోకంలో ఒక్కరూ అనని మాటని ఒక సూపరింటెండెంటు అన్నంత మాత్రాన సంఘం ఎలా నమ్ముతుంది? సమర్థించేవారు ఒక్కరైనా ఉండవలె గదా."

బయట వరండాలో బల్లమీద తల్లీకూతుళ్లు కూర్చుని ఉన్నారు. మూడు రోజులుగా అక్కడే ఉన్నారు. జరిగింది చెప్పాను.

"ఇంకొకలు అంటే సాలా?" అంది అసిరమ్మ. "నానంతాను. రాయండి బాబూ."

"అమ్మా, నేను రాసిన మాటలే మళ్లీ రాస్తే అది నకలవుతుంది. కాస్త వేరేగా చెప్పాలి."

ఆవిడ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "ఏరేగా ఎలాగ సెప్పడం? ఆ పొత్తకం నా కూతురుది. ఇచ్చిన్ది మీరు. అది ఎవుల దగ్గిరా కాపీ కొట్నేదు. జరిగిన్ది అదే గదా. ఏరేగా సెప్తే అబద్దమైపోద్ది."

నీలవేణి ఏడవలేదు. "అమ్మ అన్నట్టే రాసేయండి సార్" అంది.

రాశాను. అసిరమ్మ వేలిముద్ర వేసింది. మర్నాడు యంత్రం ఆ కాగితాన్ని నూటికి నూరు శాతం నకలంది. మూలం: గౌరీపతి, సూపరింటెండెంటు. ఇద్దరు ఒకే మాట అన్నందువల్ల ఎవరు ముందన్నారో తేలేవరకు రెండు కాగితాలూ పక్కన పెట్టాలని తీర్మానించారు.

ముప్ఫైన సాయంత్రం అయిదైంది. వరండాలో లైట్లు ఆర్పేస్తున్నారు. నీలవేణి సంచి భుజాన వేసుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "మీరు ప్రయత్నం చేశారు సార్" అంది. అంతకన్నా రెండు తిట్లు తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. అసిరమ్మ నాకు దండం పెట్టింది. తెల్లారి మళ్లలోకి దిగాలట, ఆఖరి బస్సు దొరుకుతుందా లేదా అని అడిగింది. దొరుకుతుందన్నాను.

జూలై ఒకటిన చిదంబరంగారు కొత్త రిజిస్టరొకటి నా బల్లమీద పెట్టారు. మూడు నెలలకోసారి ప్రమాణ నమూనాని యంత్రంలో పెట్టి, అంకె తప్పకుండా వస్తోందో లేదో పరిశోధన విభాగం ధ్రువీకరించాలట. పెట్టాను. నూటనాలుగే వచ్చింది. పక్క గడిలో 'యంత్రము నిజమే చెప్పుచున్నదా?' అని ఉంది. కింద రెండు గళ్లు, అవును, కాదు.

నా రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలుంది. ఇప్పటికే ఒక మెమో ఉంది. నాలుగేళ్లు గట్లమీద తిరిగిన పిల్లని అడ్డంగా ముంచింది నేనే అని తెలుసు, 'కాదు' అని టిక్కు పెట్టడానికి అరక్షణం పట్టదనీ తెలుసు.

'అవును' దగ్గర టిక్కు పెట్టి సంతకం చేశాను. చిదంబరంగారు దాన్ని కూడా యంత్రంలో పెట్టించారు. సంతకం ఎవరిదీ నకలు కాదని, పూర్తిగా నా స్వంతమని వచ్చింది.